పేలాల బస్తా కిరాయి

పదిన్నర రూపాయలు! నిహారిక మూడోసారి లెక్క వేసింది. మూడోసారీ అంతే వచ్చింది.

పటాన్‌చెరులో త్రినాథరావు గారి నీటి మోటార్ల కంపెనీలో ఆమె సరుకుల కొనుగోలు చూస్తుంది. చేరి నాలుగు నెలలే. మోటారు వెనక తిరిగే ఫ్యానుకు గిన్నె బోర్లించినట్టు ఒక ప్లాస్టిక్ మూత పెడతారు. ఆరేళ్లుగా ఆ మూతలు హత్నూరలోని దుర్గాదేవి షెడ్డు నుంచే వస్తున్నాయి, కిరాయితో కలిపి ఒక్కోటి పద్దెనిమిది రూపాయలు. ఇప్పుడు చైనా కంపెనీ ఒకటి ఎనిమిదిన్నరకే ఇస్తానంటోంది. సుంకం కలిపి, ఓడ కిరాయి కలిపి, ముంబై రేవు నుంచి లారీ కలిపినా పదిన్నర దాటడం లేదు.

"నాలుగింటికల్లా కాగితం నా బల్ల మీద ఉండాలమ్మా. బాగుంటే ఇవాళే అడ్వాన్సు పంపేద్దాం," అని త్రినాథరావు పొద్దున్నే చెప్పి వెళ్లారు.

నిహారికకు మాత్రం మనసు ఒప్పడం లేదు. ఇంత చౌకైతే దేశమంతా అక్కడి నుంచే తెచ్చుకోవాలి కదా? హత్నూరలో ఆ షెడ్డు ఇంకా ఎలా నిలబడింది? ఎక్కడో ఏదో తప్పింది. ఆ తప్పిందేమిటో తెలిసేదాకా ఆ పిల్లకు అన్నం సహించదు, అదో జబ్బు.

అప్పుడే నర్సింహులు మూతల రసీదు మీద సంతకానికి వచ్చాడు. దుర్గాదేవి షెడ్డు నుంచి మూతలు తెచ్చే ట్రాలీ ఆటో అతనిదే. వారానికి నాలుగు ట్రిప్పులు, ఆ డబ్బుతోనే బండి కిస్తీ కడుతున్నాడు.

"చెల్లె, మూతలు ఇగ ఓడ మీద వస్తయని గేటు కాడ అంటున్నరు. నిజమేనా?"

"నాలుగింటికి తెలుస్తదన్నా," అంది నిహారిక. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాలేదు.

నర్సింహులు మొహం వాడిపోయింది. ఏం చేయాలో తోచక, చైనా నుంచి నమూనాలొచ్చిన అట్టపెట్టెను రెండు వేళ్లతో పైకెత్తాడు.

"ఓయమ్మ! గింత పెద్ద డబ్బా గింత అల్కగున్నదేంది? దీనికి ఓడోడు ఎంత కిరాయి గుంజుతడు?"

"కిలోకు ఇంత అని ఉంటది. మూత నూట ఇరవై గ్రాములే, కిరాయి పైసల్లనే పోతది."

"కిలోకా?" నర్సింహులు నవ్వాడు. "నా బండిల పేలాల బస్తాలు ఏస్కపోతె తూకం జూసి కిరాయి తీస్కుంటనా? బండి నిండిందా లేదా, గదే జూస్త. జాగకే పైసలు. ఓడోడు నాకంటె పిచ్చోడా?"

నిహారిక గబుక్కున తన లెక్క ఫారం ముందుకు లాక్కుంది. త్రినాథరావు మొదట్లో బరువైన పోత ఇనుము వ్యాపారం చేసిన మనిషి. ఆయన తయారు చేసిన ఆ ఫారంలో కిలోల గడి తప్ప ఇంకో గడే లేదు! చైనావాళ్ల ఉత్తరం మళ్లీ తీసింది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు అందులో శుభ్రంగా రాసి ఉన్నాయి, ఎవరూ చూడలేదంతే. ఆ కొలతలతో లెక్క కడితే మూత ముప్పై ఆరు రూపాయలైంది.

"నీ ట్రిప్పులు ఎక్కడికీ పోవన్నా!" అని అరిచినంత పని చేసింది. నర్సింహులు దండం పెట్టి వెళ్లిపోయాడు.

అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! చాయ్ తెచ్చుకోవడానికి క్యాంటీన్‌కు వెళ్లి, కాగితం కప్పుల దొంతర నుంచి ఒకటి లాగింది. లాగి, దొంతర వైపే చూస్తూ నిలబడింది. చాయ్ పట్టుకోకుండానే పరుగున వచ్చి రెండు నమూనా మూతలు తీసి ఒకదానిలో ఒకటి దూర్చింది. చక్కగా కూర్చున్నాయి. మూడోదీ కూర్చుంది.

అలా పేర్చి తెస్తే చైనా మూత పదిహేడుకే వస్తుంది. దుర్గాదేవి ధర కంటే రూపాయి తక్కువ.

ఈ ముక్క తనకు తప్ప ఎవరికీ తెలియదు. రాయకపోతే అడిగేవాళ్లు లేరు. కానీ రాయకుండా ఎలా ఉండడం? పెన్ను పట్టుకుని అరగంట కూర్చుంది. ఆనక ఉన్నట్టుండి ఫోను తీసింది.

"దుర్గాదేవి గారూ, మూతలు సంచుల్లో ఎట్ల నింపుతున్నరు?"

"ఎలా నింపడమేంటమ్మా, మిషను నుంచి వచ్చింది వచ్చినట్టు పోసేయడమే. ఏం, ఏమైనా పగిలాయా? నా బాధలు నాకున్నాయి తల్లీ. మూతలకు కరిగించే ప్లాస్టిక్ గింజలు పటాన్‌చెరు నుంచి తెచ్చే బండికే ట్రిప్పుకు వెయ్యిన్నర పోస్తున్నాను."

పేర్చి పంపితే నాలుగు ట్రిప్పుల సరుకు ఒక్క ట్రిప్పులో వచ్చేస్తుంది. ఆ కిరాయి తగ్గి దుర్గాదేవి మూత పదహారు రూపాయల ముప్పై పైసలకు దిగింది. నిహారిక అన్నీ రాసి నాలుగింటికి కాగితం ఇచ్చింది. త్రినాథరావు రెండుసార్లు చదివి, "సోమవారం నుంచి పేర్చి పంపమను. చైనా వద్దు," అన్నారు.

గేటు బయట నర్సింహులు ఎదురుచూస్తున్నాడు. నిహారిక దాచకుండా విషయం చెప్పేసింది.

"అంటే నాలుగు ట్రిప్పులు పొయ్యి ఒక్కటి మిగిలింది. నా నోటితోని నేనే చెప్పుకుంటి గదనే!" ట్రాలీ మీద కూలబడ్డాడు. నిహారికకు ఏడుపొచ్చింది.

అతనే తలెత్తి అడిగాడు. "ఒక్క మాట చెప్పు చెల్లె. సరుకు దించినంక ఓడ ఖాళీగ వాపసు పోతదా?"

"శానా డబ్బాలు ఖాళీగనే పోతయట."

"మరి తిరుగు కిరాయి ఎవరిస్తరు?"

"వచ్చేటప్పుడే మన దగ్గర కలిపి తీస్కుంటరు."

"ఆరేండ్ల సంది ఖాళీ బండితోని హత్నూర పోతున్న. ఒక్కనాడన్న ఎవ్వలినీ అడగలే."

నిహారిక కళ్లు తుడుచుకోవడం ఆపింది. "అన్నా, దుర్గాదేవి గారి షెడ్డుకు ఇక్కడికెళ్లి గింజలు పోతయి కదా?"

"పోతయి. వేరే బండి. నా ఎన్కనే వస్తది, దారి పొడుగూత హారన్ కొట్టుకుంట..." అంటూ నర్సింహులు ఆగిపోయాడు.

నిహారిక సంచిలోంచి ఖాళీ లెక్క ఫారం తీసి ట్రాలీ చెక్క మీద పరిచింది. చైనా కంపెనీ పేరు రాసే చోట నర్సింహులు అని రాసింది.

"గింజలు ఏస్కొని హత్నూర పోతె డీజిలు ఎంతయితదన్నా?"

"ఎన్నడు లెక్క జూడలే."

"జూద్దాం. జెర జరుగు, కూసుంట."