రీల్‌లో మారెమ్మ కేక

నడిమివంక వాగు పొంగి అనంతపురంలో కాలనీలు మునిగిన సంవత్సరం అది. బుక్కరాయసముద్రం చెరువు నిండి మరువ మీదుగా పొర్లి పారుతుంటే చూడడానికి జనం బస్సులెక్కి పోయారు. మా ఊరు విడపనకల్లు పక్కన, కర్ణాటక దగ్గర. మా దాకా వరద రాలేదు, వాన మాత్రం వచ్చింది. ఆ ఏడు కొర్ర నడుమెత్తు లేచింది. కంకులు బరువుకు వంగాయి. గాలి వీస్తే చేను చేనంతా ఒక పక్కకు ఒత్తిగిలి నిద్రపోయినట్టుండేది.

కొర్ర పాలు పోసుకునే వేళకు గువ్వలు దిగుతాయి. మా చేలో మంచె మీద నా భార్య మారెమ్మ కూర్చునేది. నేను కింద ఏదో పని చూసుకునేవాణ్ణి. నాకు మాట తక్కువ. గువ్వలను కేకేసే పని ఆమెదే.

"ఓ... తిన్నింది సాలు... లెయ్యండమ్మా... లెయ్యండో..."

చివరి అక్షరాన్ని గాలికి వదిలేసేది. అది ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. దుప్పటి దులిపినట్టు గువ్వలన్నీ ఒక్కసారి లేచేవి. లేచి పక్క చేలో దిగేవి. అది రూతుది. మారెమ్మ కేక వినపడగానే రూతు అందుకోవాలి. రూతు చేలో లేస్తే తిప్పయ్య చేలో దిగుతాయి, అప్పుడు తిప్పయ్య అందుకోవాలి. అందుకోకపోతే తిట్లు తప్పవు. అట్లా గువ్వల వెనకాలే కేక కూడా చేను చేను దాటి వంక దాకా పోయేది.

వరదకు ముందు ఒక పొద్దున, బళ్లారి రోడ్డు మీద రెండు కార్లు ఆగాయి. సినిమా హీరోయిన్ తారిణి దిగింది. కొర్రలతో మురుకులు, బిస్కెట్లు చేసే కంపెనీ ఒకటి ఆమె పేరు మీద ఉందట. ఆమె ఫోన్ పేజీలో బొమ్మలు పెట్టే వీరేష్ అనే అతను ముందు నడిచి వచ్చాడు. బళ్లారి వాడే.

"పెద్దాయనా, మేడం మీ చేలో నిలబడి ఒక రీల్ తీసుకుంటారు. పైరుకు ఏమీ కాదు" అన్నాడు.

తలూపాను.

ఆమె చెప్పులు విడిచి చేలోకి దిగింది. ఒక కంకి చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. వీరేష్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. అప్పుడే మంచె మీద నుంచి మారెమ్మ కేకేసింది. హీరోయిన్ తల మీదుగా గువ్వలు లేచిపోయాయి.

"ఆపమ్మా, ఆపు!" వీరేష్ చెయ్యి ఊపాడు.

"నీ బొమ్మ కోసరం గువ్వలు పస్తుంటాయేమప్పా? నువ్వే వాటికి చెప్పుకో పో!"

తారిణి కళ్ళు తెరిచి పకపకా నవ్వింది. "ఆ కేక ఉండనీ వీరేష్. తీసెయ్యకు" అంది.

పోతూ పోతూ ఆమె ముఖం అచ్చేసిన మురుకుల పొట్లం ఇచ్చి పోయారు. మారెమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మన కొర్రలే. గౌను తొడుక్కోని వచ్చినాయి" అంది.

అనంతపురంలో వరద నీళ్ళు ఇంకా తీయకముందే ఆ కేక ఊరూరా పాకింది. పెళ్ళిలో పంక్తి లేవని వాళ్ళ వీడియోకు అదే కేక. బ్యాటు పట్టుకుని అవుటై పోయేవాడికి అదే కేక. కుర్చీ వదలని నాయకుడికీ అదే. చేలో రూతు ఫోన్ తెచ్చి చూపించింది.

"వదినా, లచ్చల మంది ఇన్నారు నీ కేక. తెలుసునా?"

మారెమ్మ కొడవలి పక్కన పెట్టి అడిగింది. "ఒక్క గువ్వన్నా లేసిందా?"

తర్వాతి ఎండాకాలంలో మారెమ్మ పోయింది. జ్వరమన్నారు. ఆస్పత్రికి తీసుకుపోయాం. తిరిగి తీసుకొచ్చాం.

దినాలయ్యాక గుంతకల్లు బస్సులో పోతున్నాను. కిటికీ పక్కన కునుకు పట్టింది. "ఓ... తిన్నింది సాలు..." అని వినపడింది. "ఆఁ" అన్నాను, పైకే. కళ్ళు తెరిస్తే కండక్టరు తన ఫోన్ చూసుకుంటూ నవ్వుతున్నాడు. ఆమె గొంతే. ఇంకొక రోజు ఉరవకొండ సంతలో గాజుల అంగడి దగ్గర వినపడింది. టీ కొట్టులో వినపడింది. దారిన పోయే మోటారు సైకిల్ మీద నుంచి వినపడి, దుమ్ములో కలిసిపోయింది.

మనిషి పోయినట్టు అనిపించలేదు నాకు. ఊర్లు తిరగను పోయినట్టుంది. ఉరవకొండలో వినపడితే ఈరోజు ఉరవకొండలో ఉందనుకునేవాణ్ణి. పొద్దుగూకేలోపల వస్తుందనుకునేవాణ్ణి.

ఆ ఏడు కూడా కొర్రే వేశాను. వానలు అంతంతమాత్రం. పైరు మోకాలు దాటలేదు. అయినా గువ్వలకు తెలుస్తుంది కదా. రూతు తన పాత ఫోన్, కూరగాయల బండ్లకు కట్టే స్పీకరు డబ్బా తెచ్చి ఇచ్చింది.

"దాపెట్టే గుర్తు నొక్కినానన్నా. వదిన కేక ఇంగ దీంట్లోనే ఉంటాది. యాడికీ పోదు."

ఇద్దరం అట్లాగే అనుకున్నాం, చీర మడిచి పెట్టెలో పెట్టినట్టు.

ఫోన్‌కు సిగ్నల్ కూడా మంచె మీదే బాగా వచ్చేది. పొద్దున్నే డబ్బాను మంచె మీద పెట్టి, నేను కింద నీడలో కూర్చునేవాణ్ణి. డబ్బా కేకేస్తే మొదట్లో గువ్వలు లేచాయి. తర్వాత తల ఎత్తి చూసి మళ్ళీ తిన్నాయి. ఆ తర్వాత తల కూడా ఎత్తలేదు.

"మరిగినాయన్నా ఇవి. డబ్బా మీద కూడా కూసుంటాండాయి. తీసేయ్, తప్పెట కొట్టు" అంది రూతు.

"ఉండనీ."

"గింజ మిగలదన్నా!"

"ఉండనీలే."

ఇంకొకటి కూడా చూశాను. డబ్బా కేక విని పక్క చేలలో ఎవరూ అందుకోవడం లేదు. అడిగితే రూతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "డబ్బాకు ఎట్ల పలికేదన్నా? సిగ్గుగా ఉండాది."

మధ్యాహ్నం ఎండకు నేల మీద గాలి నీళ్ళలా కదిలేది. దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయో ఆగాయో తెలిసేది కాదు. డబ్బాలో ఆమె కేకేస్తుంటే నాకు కళ్ళు వాలేవి. వాలిన రెప్పల కింది నుంచి, మంచె మీద నుంచి వేలాడే ఆమె పాదాలు కనపడేవి. మట్టి అంటిన మడమలు, ఎడమ కాలి కడియం. కళ్ళు పూర్తిగా తెరిస్తే పోతాయి. అందుకని సగమే తెరిచేవాణ్ణి. ఆ పాదాల కోసమే చేనికి వచ్చేవాణ్ణి. గువ్వలు తింటే తిననీ.

ఒక సాయంత్రం డబ్బా పలకలేదు.

రూతు వచ్చి ఫోన్ తిప్పి తిప్పి చూసింది. తారిణి పేజీ అంతా ఖాళీ. కొర్రచేను లేదు, కంకి లేదు. నల్లని తెర మీద ఒకటే బొమ్మ ఉంది. తారిణి కిరీటం పెట్టుకుని, మెడనిండా నగలతో ఎటో చూస్తోంది. రూతు దాపెట్టానన్న చోట కూడా ఏమీ లేదు. వెతగ్గా ఎవరో వేరేగా దించుకుని పెట్టుకున్న వీడియో ఒకటి దొరికింది. దాని మీద డప్పు వాయించేశారు. సందులో 'లెయ్' అన్నంత మాత్రం వినపడి, డప్పు కిందికి పోయింది.

రీల్ తీసిన రోజు వీరేష్ ఇచ్చిపోయిన నంబరు రూతు దగ్గర ఉంది. చేసింది. నాకూ వినపడేటట్టు పెట్టింది.

"కొర్రల కంపెనీ అమ్మేసినారక్కా. మేడం ఇప్పుడు రాణి వేషం ఏస్తాండారు. నగల కంపెనీ వాళ్ళకు పేరు కూడా ఇచ్చినారు. పాతవి ఒక్కటీ కనపడకూడదని అన్నీ తీసేయించినారు" అన్నాడు.

"మా మారెమ్మ కేక?" అన్నాను.

"ఎవరు? ఓ, చేను పెద్దాయనా! ఆ గొంతు మేడం రీల్‌దే కదా పెద్దాయనా. అసలుది తీసేస్తే దాన్ని వాడుకున్న అందరి వీడియోల్లోనూ మూగబోతాది, దాపెట్టుకున్నదీ పోతాది."

"నీ కాడ?"

"లేదు పెద్దాయనా. ఆ పని మానుకున్నప్పుడే అన్నీ అప్పజెప్పి తుడిసేసినా." ఉత్సాహంగా అన్నాడు. "అదేం పెద్ద పని? అమ్మను ఇంగోసారి కేకేయమనండి. నేనే వచ్చి పట్టుకుంటా. నా పేజీలోనే పెడదాం!"

రూతు ఫోన్ ఆపేసింది.

గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. చేలో గువ్వలు వాటి పాటికి తింటున్నాయి.

"నొక్కినానన్నా. ఆ గుర్తు నేను నొక్కినాను, దేవుని తోడు" అంది రూతు. ఏడ్చింది.

"నొక్కినావులే."

ఆ రోజు సగం మూసిన కళ్ళకు కూడా మంచె ఖాళీగానే కనపడింది.

మరుసటి రోజు పొద్దు పొడవకముందే చేనికి పోయాను. డబ్బా తీసుకుపోలేదు. మంచె ఎక్కాను. మోకాళ్ళు పట్టుకున్నాయి. ఆమె కూర్చునే చోట పలక నున్నగా అరిగి ఉంది. అక్కడే కూర్చున్నాను. మంచు తెర కింద కొర్ర కదులుతోంది. గువ్వలు అప్పుడే దిగాయి.

నోరు తెరిచాను. ఎద్దును అదిలించినట్టు ఒక శబ్దం వచ్చింది. గువ్వలు చూశాయి. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

"ఓ... తిన్నింది సాలు... లెయ్యండమ్మా... లెయ్యండో..."

నాకు ఆ చివరిది సాగలేదు, మధ్యలో విరిగింది. కానీ గువ్వలు లేచాయి. చిరిగిన గుడ్డలా రెండు మూడు ముక్కలుగా లేచి, రూతు చేలో దిగాయి.

రూతు వచ్చిందో రాలేదో మంచులో తెలియలేదు.

తర్వాత అటు నుంచి రూతు కేక వచ్చింది. "తిన్నింది సాలు... లెయ్యండమ్మా..." తడి గొంతు. దాని వెనక తిప్పయ్య, ముందొక తిట్టు తిట్టి మరీ అందుకున్నాడు. ఆ తర్వాత ఇంకా అవతల ఎవరో, గొంతు పోల్చుకోలేకపోయాను. ఆ అవతల ఇంకెవరో. అట్లా చేను చేను దాటి కేక వంక వైపు పోయింది. ఎక్కడ ఆగిందో తెలియలేదు.

గువ్వలు తిరిగి వచ్చేదాకా చెవి అటే పెట్టి కూర్చున్నాను. వచ్చాక మళ్ళీ కేకేశాను.