చిఫుండో కొట్టు గోడ

కట్లెహాంగ్ బస్తీలో ఎవరి గోడ పాడైనా పులానేకే కబురొచ్చేది. పిచ్చిరాతలు, బూతుబొమ్మలు, ఎన్నికల నినాదాలు ఏవైనా సరే, బండిలో నీళ్ల ట్యాంకు, ప్రెషర్ మెషిన్ వేసుకుని వెళ్లి, ఇటుక పెచ్చు ఊడకుండా కడిగి వచ్చేది.

ఆ మంగళవారం పొద్దున కబురు పంపింది కొట్ల యజమానురాలు, ఒక ముసలావిడ. దర్జీ చిఫుండో అద్దెకున్న కొట్టు గోడ మీద రాత్రికి రాత్రి ఎవరో నల్లరంగుతో రాసిపోయారట. వెంటనే చెరిపెయ్యాలంది.

చిఫుండో మలావీ దేశం నుంచి వచ్చి ఆ వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. పులానే తల్లి పోయినప్పుడు ఇంటిల్లిపాదికీ సంతాపానికి నల్లబట్టలు కుట్టి తనే తెచ్చింది. తెచ్చి ఊరుకోలేదు, చేతులు కడుక్కుని వంటలో సాయానికి దిగింది.

బండి దిగి గోడ చూసేసరికి పులానేకి ఒళ్లు మండిపోయింది. "మీ దేశానికి పోండి. పోకపోతే తగలబెడతాం." ఒక్కో అక్షరం మనిషి నడుమెత్తు ఉంది. వీణ్ణి ఏ తల్లి కన్నదో అని తిట్టుకుంటూ, రంగు వదలగొట్టే జెల్ డబ్బా మూత తీసింది. బ్రష్ ముంచి గోడకి ఆనించబోయి ఆగిపోయింది.

ఇంగ్లిషు 'ఎన్' అక్షరం చివరి కాలు గీత కిందికి దిగి, కొక్కెంలా పైకి తిరిగింది. అలా రాసే చెయ్యి ఆ ఊళ్లో ఒక్కటే ఉంది. బోర్డులు రాసే తన తమ్ముడు తెబోహోది. వెనక్కి తిరిగి తన బండి తలుపు చూసుకుంది. వాడు రాసిపెట్టిన తన పేరులోనూ అదే కొక్కెం.

కొట్టు లోపల చిఫుండో గుడ్డలు మడిచి సంచుల్లో కుక్కుతోంది. పులానేకి ఆమె మొహం చూడబుద్ధి కాలేదు. డబ్బా మూసి, బండి తమ్ముడి షెడ్డుకి తిప్పింది.

తెబోహో టీలో బ్రెడ్డు ముంచుకు తింటున్నాడు. గోళ్లలో నల్లరంగు ఇంకా పోలేదు. అడిగితే కాదనలేదు. కుర్రాళ్లంతా కూర్చుని అనుకున్నారట, చెయ్యి తిరిగినవాడని తనకి అప్పజెప్పారట.

"నేను రాశానంతే అక్కా. నిప్పు పెట్టానా ఏంటి?"

"అమ్మ శవం ముందు నిలబడ్డప్పుడు నీ ఒంటిమీది కోటు ఎవరు కుట్టార్రా?"

"అది వేరు, ఇది వేరు. నా పని పోయింది. వీళ్లొచ్చి మన నోటి దగ్గర కూడు లాక్కుంటుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"నీ పని పోగొట్టింది ప్లాస్టిక్ బోర్డులు అచ్చేసే మిషను. దానిమీద రాయి, చేతనైతే. బండెక్కు. ఎక్కకపోతే ఆ గోడమీద కింద నీ పేరు నేనే రాస్తా."

తెబోహో ఎక్కాడు.

గోడ దగ్గర బ్రష్ వాడి చేతికిచ్చి, తను మెషిన్ పట్టుకుంది. జెల్ పూయించి, ప్లాస్టిక్ కాగితం కప్పించి, నానాక రుద్దించింది. వీధి వీధంతా బయటికొచ్చింది. రాత్రి వాడి పక్కన నిలబడ్డ కుర్రాళ్లు కూడా వచ్చారు.

"ఏంటి మాస్టారూ, స్పెల్లింగ్ తప్పు పోయిందా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఇంకొకడు పులానేని, నువ్వు ఎవరి పక్షమని నిలదీశాడు. ఆమె వేడినీళ్ల పైపు వాళ్ల కాళ్ల ముందు నేలకి తిప్పింది. చిందిన బురదకి తిట్టుకుంటూ దూరం జరిగారు.

నలుపు వదిలింది కానీ, ఇటుక పీల్చుకున్న రంగు బూడిదచారలా మిగిలింది. చదవాలనుకుంటే ఇంకా చదవొచ్చు.

అప్పటికి చిఫుండో సంచులు, మిషను గుమ్మంలో పెట్టి తాళం వేస్తోంది. పులానే తమ్ముడి భుజం పట్టి ఆమె ముందుకి తోసింది. వాడు నేలచూపులు చూస్తూ, తప్పయిందని గొణిగాడు.

చిఫుండో వాడి వైపు చూడలేదు.

"వాళ్లు రాస్తున్నప్పుడు నేను లోపల మెలకువగానే ఉన్నా పులానే. మీ వాడి దగ్గు గుర్తుపట్టా. పోలీసులకి చెప్తే నీ తల తీసేసినట్టు అవుతుందని నోరు మూసుకున్నా. నాకు చాతనైంది అదే. ఇక ఉండిపొమ్మని మాత్రం అనకు."

అందామనే పులానే నోరు తెరిచింది. జెర్మిస్టన్‌లో ఉండే చెల్లెలి దగ్గరికి పోతున్నానని చెప్పి, చిఫుండో టాక్సీ ఎక్కింది. మిషను ఎక్కించడానికి పులానే చెయ్యి వెయ్యబోతే, వద్దని డ్రైవర్ని పిలిచింది.

టాక్సీ మలుపు తిరగ్గానే తెబోహో బ్రష్ బకెట్లో పడేసి ఊపిరి పీల్చుకున్నాడు.

"పోయింది కదక్కా. ఇంకెవరి కోసం కడగడం?"

పులానే ఆ బకెట్ ఎత్తి, ఉన్న నీళ్లన్నీ వాడి మొహాన కొట్టింది. కుర్రాళ్లు ఈసారి నవ్వలేదు. వాడు మొహం తుడుచుకుంటూ, ఒక పరాయిదాని కోసం ఇంతమందిలో తమ్ముడి పరువు తీశావని అరిచి, వాళ్లతోనే వెళ్లిపోయాడు. పులానే వెనక్కి పిలవలేదు. డబ్బా తెరిచి, మొదటి అక్షరం నుంచి మళ్లీ జెల్ పూయడం మొదలుపెట్టింది.

క్రిస్మస్‌కి తెబోహో కేకు పట్టుకుని ఆమె గుమ్మం ముందుకి వచ్చాడు. అమ్మ పోయాక మనకి మనమే కదక్కా అన్నాడు. చిఫుండో దగ్గరికి వెళ్లి వచ్చావా అని పులానే లోపలినుంచే అడిగింది. ముందు తలుపు తియ్యమన్నాడు వాడు. ఆమె తియ్యలేదు.