పూలవి కింద, గరుకువి మీద

రెండు రోజులు కామారెడ్డి ఆసుపత్రిలో మొగుడి మంచం పక్కన కూర్చుని, మంగళవారం మధ్యాహ్నం ఎల్లారెడ్డి బస్టాండులో దిగి ఇల్లు చేరింది దేవవ్వ. కొత్తగా కట్టిస్తున్న స్నానాలగదిలో అడుగు పెట్టీపెట్టగానే సర్రున జారింది. తలుపు చట్రం చేతికందింది గనక సరిపోయింది. చంకలోని బట్టల మూట తడి నేల మీద పడింది.

అప్పుడు చూసింది నేల వైపు. గులాబీ పూల టైల్స్ నిగనిగలాడుతున్నాయి. గోడ చుట్టూ పట్టీలా వేయించాలని ముచ్చటపడి తెచ్చుకున్న పూలన్నీ కాళ్ల కింద ఉన్నాయి. కాళ్ల కింద ఉండాల్సిన గరుకు టైల్సేమో గోడెక్కి కూర్చున్నాయి.

దేవవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదూ మరి? పోయిన నెల వానలో పెరట్లోని పాయఖానాకు పోతూ బండ మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు ఆమె మొగుడు సాయిలు. ఆపరేషన్ అయింది. ఇంకోసారి పడితే ఇక లేవడని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. గురువారం ఇంటికి పంపుతున్నారు. పాయఖానాకైనా స్నానానికైనా ఆయన గడప దాటి బయటికి పోకూడదని, ఉన్న రెండు గదుల్లో ఒకదాన్ని సగానికి కోసి మరీ ఈ పని పెట్టుకుంది.

మేస్త్రీ మహిపాల్ మొదట్లో, సామాను కూడా తానే తెస్తానన్నాడు. దేవవ్వ ససేమిరా అంది. పక్కింటి భూదవ్వ ఇల్లు బాగుచేయించుకున్నప్పుడు ఎవరో మేస్త్రీ తెచ్చిన నల్లాలు ఆరు నెలలకే ఊడి చేతికొచ్చాయి. సిమెంటు మొదలుకొని నల్లా దాకా అన్నీ తానే కొంటానంది. మహిపాల్ ముఖం మాడ్చుకున్నాడు.

"సరే అవ్వా. సామాను నీది, చెయ్యి నాది. నువ్వెట్ల చెప్తె గట్ల చేస్త. తర్వాత నన్నడగొద్దు" అన్నాడు.

అడిగే అవసరమే రాకూడదని దేవవ్వ అంత జాగ్రత్త పడింది. కామారెడ్డి దుకాణంలో చెప్పులు విడిచి, సీసాలోని నీళ్లు ఒక్కో టైలు మీద ఒంపి, అరికాలితో రుద్ది చూసింది. దుకాణదారు నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకుంది. గరుకువి ఆయన కోసం ఏరింది. పూలవి మాత్రం తన కోసం. ఆ ఇంట్లోకి చూడ్డానికి బాగుందని కొన్న వస్తువు అదొక్కటే.

"మహిపాల్!"

ఆ కేకకు మూడిళ్ల అవతలి కోళ్లు కూడా బెదిరాయి. బయట చాయ్ తాగుతున్న మేస్త్రీ గ్లాసుతోనే లోపలికొచ్చాడు.

"ఏందిది?"

"ఏముందవ్వా, నువ్వు చెప్పిందే."

"జారేటివి తెచ్చి నేలకెయ్యమని నేను చెప్పిన్నా?"

"చెప్పలేదా? ఆటోలకెల్లి డబ్బలు దించిననాడు నువ్వే అంటివి గద. 'పూలవి కిందెయ్యి, గరుకువి మీదెయ్యి' అని. గట్లనే ఏసిన."

దేవవ్వ అన్నమాట నిజమే. కానీ అది డబ్బాలు పేర్చేటప్పటి మాట. నేల పని ముందు కదా, గరుకు డబ్బాలు పైన ఉంటే తీసుకోవడానికి సులువని చెప్పిన మాట. తన నోటి మీద తనకే కోపమొచ్చింది. ఇంకో ముక్క విడమర్చి చెబితే ఏం పోయేది?

తన మీది ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. మేస్త్రీ మూతి చివర ఒక చిన్న నవ్వు కనిపించింది.

"ఏసేటప్పుడు నీ చేతికి తెల్వలేదా, ఇవి జారుతయని?"

"తెల్సింది. సామాను నాది కాదు గద. మధ్యల నేనెందుకు మాట్లాడాలె?"

"ముప్పై ఏండ్లసంది బీడీలు చేస్తున్న" అంది దేవవ్వ. "ఆకు కంపెనోళ్లదే, తంబాకు వాళ్లదే. నాది చెయ్యొక్కటే, నీ లెక్కనే. పాడాకు ఎన్నిసార్లిచ్చిన్రో! ఆకు నాది కాదని పాడాకుతోని ఒక్క బీడీ చెయ్యలే. ఆకు తక్కువబడ్డదని తిట్లు తిన్న గని చెయ్యలే. చెయ్యి నాదన్నోనికి ఆ చేతికి సిగ్గుండాలె గదరా!"

"ఫోన్ చేద్దామనుకున్న. నువ్వు దవాఖానల ఉన్నవని…"

"దవాఖానల ఎందుకున్ననో తెల్వదా నీకు?"

దేవవ్వ బకెట్ నిండా నీళ్లు తెచ్చి నేలంతా కుమ్మరించింది. సాయిలు కోసం తెచ్చి మూలన పెట్టిన కొత్త ఊతకర్ర తీసి మహిపాల్ చేతిలో పెట్టింది.

"చెప్పులిడిసి నడువు. ఈ గోడకాడికెల్లి ఆ గోడ దాక. తుంటిరిగినోని లెక్క ఒంటికాలు మీద నడువు."

మహిపాల్ చెప్పులు విడిచాడు. ఒక పాదం మోపాడు. మోపిన పాదం మీద బరువు వేయబోయి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు. మూతి చివరి నవ్వు పోయింది.

"నీ కాలికి తెల్సింది. గంతే చాలు" అంది దేవవ్వ.

అటక మీది సుద్దముక్క తీసుకుంది. కార్ఖానాలో తనిఖీ చేసేవాడు కళ్లముందే తన బీడీలు తీసి పక్కన పారేస్తుంటే, ఆమె ముప్పై ఏళ్లు చేతులు కట్టుకుని నిలబడింది. ఇవాళ వంగి, ఒక్కో పువ్వు మీదా అడ్డంగా గీత గీసింది. "ఇది తీసెయ్. ఇది తీసెయ్. ఇది గూడ." గడప దాకా ఒక్కటీ వదల్లేదు.

"పూలవి సిమెంటుకు గట్టిగ పట్టినయవ్వా, తీస్తె పల్గిపోతయి. గోడకు ఒక్కటి గూడ మిగలది" అన్నాడు మహిపాల్ నెమ్మదిగా. "గోడకున్న గరుకువి ఇంక పచ్చిగనే ఉన్నయి, మంచిగనే ఊడొస్తయి."

"పల్గనియ్. గోడ ఉత్త సిమెంటుతోనే ఉండనియ్."

మహిపాల్ ఉలి తెచ్చాడు గానీ, సుద్ద గీతల కింది పూలను చూస్తూ తటపటాయించాడు. దేవవ్వ అతని చేతిలోని ఉలీ సుత్తీ లాక్కుని గొంతుక్కూర్చుంది. దుకాణంలో అన్నిటికన్నా ముందు తనకు నచ్చిన పువ్వు, రెండు మొగ్గలది, సరిగ్గా ముందే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. ఉలి ఆనించి ఒక్క దెబ్బ కొట్టింది. పువ్వు నాలుగు ముక్కలైంది.

సుత్తి అతనికందించి, బయటపడిన సిమెంటును అరచేత్తో చరిచింది.

"గరుకువి కిందెయ్యి. కిందంటే ఇది. సమజైందా?"