డెబ్బై ఒకటా?

నది దాటించే మోటారు పడవకు ఆయన సరంగు. ప్రయాణికుల బరువు మొత్తం ఏడు వేల కిలోలు మించకూడదు. వందమందిని ఎక్కించాలంటే సగటు మనిషి డెబ్బై కిలోలు దాటకూడదన్నమాట. గణాంకశాస్త్రం చదివిన మేనకోడలు కిందటేడు రేవులో వందమందిని తూచి, "తొంభై శాతం నమ్మకంతో చెప్తున్నా మావయ్యా, సగటు అరవై ఆరుకీ డెబ్బైకీ మధ్య ఉంటుంది" అంది. ఆయన మీసం దువ్వుకుని వంద టికెట్లూ అమ్మించాడు.

ఈ ఏడు తనిఖీ అధికారి తొంభై తొమ్మిది శాతం నమ్మకం కావాలన్నాడు.

"మరీ మంచిది. నమ్మకం పెరిగితే లెక్క ఇంకా బిగుస్తుందిగా!" అన్నాడు సరంగు మేనకోడలితో, ఇంజను గదిలో చేతులు తుడుచుకుంటూ.

మేనకోడలు పాత తూకాలతోనే మళ్ళీ లెక్క కట్టింది. "అరవై ఐదుకీ డెబ్బై ఒకటికీ మధ్య."

"డెబ్బై ఒకటా? అవే మనుషులు, అవే తూకాలు! ఎవరూ నిద్రలో లావెక్కలేదు కదే!"

"గురి తప్పకూడదంటే గిరి పెద్దది గీయాలి మావయ్యా. తొంభై శాతం గిరితో పదిసార్లు తూచి చూస్తే, ఇంచుమించు ఒకసారి అసలు సగటు గిరి బయటే ఉంటుంది."

సరంగు చేతిలోని గుడ్డ జారిపోయింది. "ఆ ఒక్కసారీ మనదే అయితే? ముందే చెప్పలేదేం?"

"చెప్పాను. నేను తొంభై అన్నాను, నువ్వు నూరని విన్నావు."

ఆయన ఒక్క ఉదుటున పైకొచ్చి చూస్తే పడవ కిటకిటలాడుతోంది. ముందు వరసలో తన భార్యే.

"పదిమంది దిగండి! నువ్వూ దిగు!"

"ఏమైంది మీకు? కట్టుకున్నదాన్నే దింపేస్తారా?" అంటూనే ఆవిడ దిగింది. మిగతావాళ్ళు తిట్టుకుంటూ దిగారు.

మేనకోడలు ధైర్యం చెప్పింది. "నాలుగు వందలమందిని తూద్దాం. నమ్మకం తగ్గించకుండానే గిరి సగానికి ఇరుకవుతుంది. పై అంచు అరవై తొమ్మిదిన్నర దగ్గరే ఆగొచ్చు."

వారం తిరక్కుండా తూచారు. గిరి ఇరుకైంది, నిజమే. కానీ ఈసారి సగటే డెబ్బై తేలింది: అరవై ఎనిమిదిన్నరకీ డెబ్బై ఒకటిన్నరకీ మధ్య.

సరంగు రేవు మెట్టు మీద కూర్చున్నాడు. "అయితే ఏడాదిగా సగంసార్లు మించిన బరువుతోనే దాటామేమో..." అన్నాడు.

మర్నాడు అయిదు సీట్లు తనే ఊడదీశాడు. తొంభై అయిదుమందితో పడవ కదిలింది. అవతలి ఒడ్డు చేరేదాకా ఆయన నీళ్ళవైపు చూడలేకపోయాడు.