ఈ రీలు అయిపోనీ

నేను ఒక సినిమా ప్రొజెక్టర్‌ని. నా జతను చంపింది మా హాలు యజమాని పిసినారితనం. అందులో వాదించడానికేమీ లేదు.

పార్వతీపురంలో ఆ హాలు కట్టినప్పుడు మమ్మల్నిద్దరినీ ఒకే లారీలో తెచ్చి పక్కపక్కన నిలబెట్టారు. ఒక రీలు నేను ఆడితే తర్వాతి రీలు అది ఆడేది. మధ్యలో తెర చీకటి పడేది కాదు. ఇరవై ఏళ్ళు అలా కాపురం చేశాం. జనం పలచబడ్డాక యజమాని దాన్ని విప్పించి పాత ఇనుముకి వేశాడు. సహాయకుణ్ణి కూడా మానిపించాడు. మిగిలింది నేనూ, ఆపరేటర్ తవిటయ్యా. లోపల వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు మండుతున్నంతసేపు అతను నా పక్కనుంచి కదలడానికి లేదు.

ఒకనాటి మ్యాట్నీలో అతని బావమరిది మెట్లెక్కి వచ్చాడు.

"బావా, అప్పకి ఊపిరాడతం లేదు. రా."

"ఈ రీలు అయిపోనీ, వస్తాను."

రీలు అయింది. తవిటయ్య ఇల్లు చేరేసరికి అతని భార్య అసిరమ్మ లేదు.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం ఉదయం, కాలేజీ లెక్చరర్ల ఫిల్మ్ సొసైటీ ఒక పాత ఫ్రెంచి సినిమా తెప్పించింది. పల్లెటూరి కథ, ఐదు రీళ్ళు. వేల సినిమాలు ఆడాను గాని అలాంటిది ఆడలేదు. పాట లేదు. మంచులో ఒక రైతు, గుర్రం, నాగలి. రొట్టెను గుండెకు ఆనించుకుని కోసే అతని భార్య. నాలుగో రీల్లో ఆమె మంచాన పడుతుంది. పొరుగువాడు కంచె దగ్గరకొచ్చి పిలుస్తాడు. రైతు తలెత్తకుండా, కోయవలసిన గోధుమ చాలు వైపు వేలు చూపిస్తాడు. దర్శకుడు చావు చూపలేదు, ఏడుపు చూపలేదు. కోత పూర్తయిన చేను చూపించి ఊరుకున్నాడు. అంత నిజం నా అద్దంలోంచి మళ్ళీ పోలేదు.

తవిటయ్య ఐదో రీలు ఎక్కించలేదు. కడ్డీలు ఆర్పేశాడు. సొసైటీ కార్యదర్శి పైకొచ్చి, సినిమా ఇంతేనా అని అడిగాడు.

"అయిపోనాది బాబూ. ఇంకేటీ లేదు."

నమ్మారు. ఫ్రెంచి సినిమాలు అలాగే ఆగుతాయట. ఆ ముగింపుని కింద గంటసేపు మెచ్చుకున్నారు.

ఐదో రీలు మూత తియ్యకుండానే వెనక్కి పోయింది. అందులో ఆ రైతుని ఎవరైనా క్షమించారేమో తెలియదు. క్షమించి ఉండకూడదు.

హాలు ఇప్పుడు ధాన్యం గోదాము. నేను మూల తుప్పు పడుతున్నాను. అరిగిన పళ్ళచక్రాలతో రోజుకొకసారైనా ఫిల్ము తెంపేవాణ్ణి. తెగితే తవిటయ్య కడ్డీలు ఆర్పక తప్పేది కాదు. ఆ మ్యాట్నీలో మాత్రం రీలు రీలంతా తెగకుండా ఆడాను. ఇదొక్కసారే చెప్పాను. ఇక ఎవరడిగినా చెప్పను.