ఉప్పు లేని చోటు

నాలుక మీద ఉప్పు.

ఎదురింటావిడ చూసిందట. చూసి ఊరుకుందా... పంపు దగ్గర పదిమందికీ చెప్పిందట. బావిలో పోయినవాడి చెల్లెలు వదిన ఇంట్లో దిగింది, అంత చదువూ చదివి ఇనుప గొట్టంతో మన్ను తోడి ఉప్పుందా అని నాలుకకు రాసుకుంటోంది, అందట. అన్న మట్టిలోకి పోయాడు, చెల్లెలికి మట్టి తలకెక్కింది — అందట.

ఆ రోజు నుంచీ ఊరికి ఆ చెల్లెలు ఉప్పులమ్మ.

ఉప్పులమ్మ నవ్వి ఊరుకుంది. మన్ను రుచి చూడడం అన్న దగ్గర నేర్చుకున్నదే. బావులు తవ్వేవాడు అన్న. రెండు చేతులు చాచినంత లోతు ఒక బార; బారకో చిటికెడు మన్ను నోట్లో వేసుకునేవాడు. ఉమ్మేసేవాడు. దిగేవాడు.

ఇరవై రెండేళ్ల కిందట కూడా అలాగే దిగాడు.

తొమ్మిదో బార దగ్గర బావి కూలింది.

తీస్తున్నకొద్దీ ఇసుక జారింది... మూడో రోజున చేతులెత్తేసి బావి పూడ్చేశారు. అన్నతో సహా.

అప్పటి నుంచీ ఆమె గ్లాసు ఎత్తితే, కింద ఎక్కడో ఎవరో గుటక వేసినట్టుంటుంది.

ఇప్పుడామెకు పరీక్ష గది ఉంది. గాజు గొట్టాలున్నాయి. అయినా మొదటి మాట నాలుకదే. గాజుది చివరి మాట.

వాన ఎక్కడ నేలలోకి దిగుతుందో కనిపెట్టే లెక్క చిన్నది. వాన వస్తూ వస్తూ కంటికానని ఉప్పు తెస్తుంది. నీళ్లను ఎండ తాగుతుంది, వేరు తాగుతుంది. ఉప్పును ఎవరూ తాగరు. అది మట్టిలోనే కూర్చుంటుంది — ఏళ్లకేళ్లు. ఉప్పు పేరుకున్న చోట వాన కిందికి దిగలేదని అర్థం. ఉప్పు లేని చోట, నీళ్లు దాన్ని వెంటబెట్టుకుని దిగిపోయాయని.

ఊరి చుట్టూ పదకొండు చోట్ల తోడింది.

పదకొండు చోట్లా ఉప్పే.

ఈ ఊరికి వాన చుట్టపుచూపుగా వస్తుంది. వాకిట్లో కూర్చుని, అటునుంచి అటే వెళ్లిపోతుంది. ఏడాది మొత్తంలో నేల అడుగుకు చేరేది గోరుమందం.

పన్నెండో చోటు పూడ్చిన బావికి రెండు బారల అవతల. తవ్వి కప్పిన మన్ను లెక్కకు పనికిరాదు. అందుకని ఆ ఎడం. గొట్టం వెన్నలో దిగినట్టు దిగింది. మన్ను చల్లగా ఉంది. నాలుక మీద వేసుకుంది.

ఉప్పు లేదు.

ఇంకో చిటికెడు...

లేదు.

అప్పుడే అనుమానం రావాల్సింది. పదకొండు చోట్ల రాయిలా ఉన్న నేల, ఇక్కడొక్కచోట ఎందుకు మెత్తబడిందని. కానీ ఆశ ఉన్నచోట అనుమానానికి పీట వేసేదెవరు? ఊళ్లో మిగిలిన ఒక్క బోరూ బురద కక్కుతోంది. ఇంకొక్క బోరుకు సరిపడా డబ్బే ఊరి చేతిలో ఉన్నది. అదీ ఎండితే ఊరు లేచిపోవడమే. గాజూ ఉప్పు లేదనే అంది. వాన దిగే చోటు దొరికిందని పెద్దలకు రాసిచ్చింది. సోమవారం బోరు బండి వస్తుందన్నారు.

రాసివ్వని మాట ఒకటుంది. ఇక్కడ వాన దిగుతోందంటే — అన్న దాకా దిగుతూ ఉండాలి. ఇరవై రెండేళ్లుగా.

ఆ తడి ఊరికెంత కావాలో, ఆమెకూ అంతే కావాలి.

ఆదివారం పొద్దున్నే గుర్తు కొయ్య పాతడానికి వెళ్లింది.

వదిన అక్కడే ఉంది.

బిందె వంచుతోంది. నెమ్మదిగా. పసిబిడ్డకు నీళ్లు పట్టినట్టు.

ఉప్పులమ్మ చేతిలో కొయ్య అలాగే ఉండిపోయింది.

"ఎప్పటి నుంచి, వదినా?"

"మీ అన్న చెప్పులు విడిచింది ఇక్కడే. నీళ్లు తెచ్చిపెట్టు, పైకొచ్చి తాగుతా అన్నాడు." వదిన బిందె అడుగుదాకా వంచింది. "తెచ్చాను."

తెస్తూనే ఉంది. రోజుకో బిందె. ట్యాంకరు నీళ్లే దిక్కైన రోజుల్లోనూ, తన వంతుకు వచ్చిన రెండు బిందెల్లో ఒకటి. మధ్యాహ్నానికి ఎండ పైతడిని నాకేస్తుంది, చూసినవాళ్లకు ఏమీ కనపడదు. వదిన పెదాలు ఎప్పుడూ పగిలే ఎందుకుంటాయో — ఇరవై రెండేళ్లలో ఒక్కరూ అడగలేదు. చెల్లెలూ అడగలేదు.

ఉప్పును కడిగింది వాన కాదు.

బిందె.

నేల మీద తడి మచ్చ చిన్నదైపోతోంది... అంచుల నుంచి లోపలికి.

"బోరు బండి వద్దని చెప్పాలి వదినా. నా లెక్క తప్పింది. ఇక్కడ వాన దిగలేదు. దిగింది నువ్వు పోసిందే."

వదిన బిందె బోర్లించి, చెయ్యి చీరకు తుడుచుకుంది. ఊరేమవుతుందని అడగలేదు. ఇంకెక్కడ తవ్వుతారని అడగలేదు. ఇనుప గొట్టం వైపు చూసింది. అది మూడు బారలకు మించి దిగదు; అన్న ఉన్నది తొమ్మిదో బారలో.

చెంప మీంచి జారిన తడి ఉప్పులమ్మ పెదాలకు తగిలింది.

నాలుక మీద ఉప్పు.

"ఊరి లెక్క ఊరికి చెప్పుకో అమ్మాయ్. ఆయనకు అందిందా లేదా... నాకది చెప్పు."