వెనక్కి తిరగొద్దు, మామా

ఆ పొద్దున కృత్తిక తన మామగారి మీద అరిచింది. టాప్‌స్లిప్ అడవిలోని విడిది ముందర, టీ తాగుతున్న పదిమంది ఎదురుగా.

విషయం చిన్నదే. ఎనిమిదిన్నరకు అడవిలోకి నడక మొదలవుతుందనీ, ఈలోగా బీపీ మాత్ర వేసుకోమనీ మూడుసార్లు చెప్పింది. సంజీవి మూడుసార్లూ "ఆఁ? ఏమి?" అన్నాడు. కోయంబత్తూరు పీళమేడులో నలభై ఏళ్లు సొంత ఫౌండ్రీ నడిపిన మనిషి. మోటారు పంపులకు పోత పోస్తూ, గ్రైండింగ్ మిషన్ల మధ్యే బతికి, డెబ్బై వచ్చేసరికి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు.

నాలుగోసారి కృత్తిక గొంతు చించుకుంది. "మాత్ర! మాత్ర ఏసుకోండి మామా! ఎన్ని తూర్లు సెప్పేది?"

గ్లాసులు పట్టుకున్న వాళ్లంతా తిరిగి చూశారు. సంజీవి మొహం కందిపోయింది. మాత్ర మింగి, చెవిలోని వినికిడి మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"సూసినారా మీ నాయన్ని? మొండి," అంది కృత్తిక భర్తతో.

"ఇప్పుడొద్దు, ఊరికే ఉండు," అన్నాడు గోపీనాథ్.

వాళ్లను అడవిలోకి తీసుకుపోయేది జోతిమణి. ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన మనిషి, నలభై ఏళ్లుంటాయి, చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుంది. వీళ్లు ముగ్గురూ, దిండిగల్ నుంచి వచ్చిన కొత్త దంపతులూ కలిసి అయిదుగురు. వరసలో నడవాలి, మాట్లాడకూడదు, ఎవరూ వెనకబడకూడదు అని తమిళంలో ఒకటికి రెండుసార్లు చెప్పింది. సంజీవిని చూసి, "తాతకు వెనక ఎవరన్నా ఒకరు ఉండండి," అంది. కృత్తిక తల ఊపింది.

అరగంట అలాగే నడిచారు. శివరాత్రి దాటిన మాసి నెల ఎండకు టేకు చెట్లన్నీ ఆకు రాల్చేశాయి. కాలు పెడితే అప్పడాలు నలిగినట్టు చప్పుడు. సంజీవి పది అడుగులకోసారి ఆగి తల పైకెత్తుతున్నాడు. ఒకచోట కొమ్మ మీద పెద్ద ఎర్ర ఉడుత కనబడితే ఫోను తీసి నిలబడిపోయాడు. కృత్తిక కాసేపు చూసింది. పొద్దుటి కోపం ఇంకా గొంతులోనే ఉంది. ఎంత పిలిచినా వినబడదు, చెయ్యి పట్టుకు లాగడానికి మనసు రాలేదు. వస్తాడులే అనుకుని ఆయన్ని దాటి, వాళ్ల వరస వెంట మలుపు తిరిగింది.

వెదురు విరిగిన చప్పుడు వెనకనుంచి వచ్చింది.

జోతిమణి చెయ్యి పైకెత్తి ఆగింది. వెనక్కి తిరిగి కళ్లతోనే లెక్కపెట్టింది. నలుగురే.

"తాత ఏరి?"

కృత్తిక మలుపు వైపు వేలు చూపించింది. అంతా వంగి మలుపు దాకా వెనక్కి వచ్చి, పొదల సందుల్లోంచి చూశారు. దారికి అడ్డంగా తల్లి ఏనుగు నిలబడి ఉంది. దాని కాళ్ల మధ్య గున్న. వాటికి అవతల ముప్ఫై అడుగుల్లో సంజీవి, వీపు ఇటు పెట్టి, ఫోను పైకెత్తి ఇంకా ఆ ఉడుతనే చూస్తున్నాడు.

గోపీనాథ్ "నాయనా" అనబోయాడు. జోతిమణి అరచేత్తో అతని నోరు మూసేసింది. "అరిస్తే ఆయనకు వినబడదు. దానికి వినబడుద్ది," అంది చెవిలో.

ఫోను చెయ్యడానికి సిగ్నల్ లేదు. జోతిమణి గుప్పెడు మన్ను తీసి వదిలింది. అది ఎడమవైపు పల్లంలోకి ఎగిరింది. "గాలి పల్లానికి పోతా ఉంది. ఆ పక్కనుంచి చుట్టి ఆయన ఎదురుకి పోవచ్చు. కానీ నన్ను చూస్తే ఏమ్మా అని గట్టిగా అడుగుతాడు గదా. ఎవరు చెబితే వింటాడు?"

గోపీనాథ్ భార్య వైపు చూశాడు. రోజంతా ఇంట్లో ఆయనతో మాట్లాడేది ఆమె ఒక్కతే.

నా మాట ఏనాడు విన్నాడు గనుక, అనుకుంది కృత్తిక. "నేను వస్తాను," అంది.

చెప్పులు విప్పేసి జోతిమణి వెనకే పల్లంలోకి దిగింది. లంటానా ముళ్లు చీరను పట్టుకుంటే ఒక్కొక్కటీ విడిపించుకుంటూ, ఎండుటాకు లేని చోట చూసి అడుగేస్తూ, వంగి నడిచారు. ఏనుగు చెవులు విసురుకుంటున్న చప్పుడు పైనుంచి విసనకర్రలా వినబడుతోంది. ఒకసారి ఆ చప్పుడు ఆగిపోయింది. ఇద్దరూ ఆగిపోయారు. మళ్లీ మొదలైంది. ఆ కొంచెం దూరం నడవడానికి ఎంతసేపు పట్టిందో కృత్తికకు తర్వాత కూడా తెలియలేదు.

గట్టెక్కి, ఆయనకు ఎదురుగా పాతిక అడుగుల్లో లావాటి టేకుచెట్టు పక్కన లేచి నిలబడింది. జోతిమణి చెట్టు చాటునే ఉంది.

సంజీవి ఫోను దించాడు. కోడలు కనబడింది. ముళ్లు గీరుకుని మోచేయి నెత్తురు. ఆయన నోరు తెరిచాడు.

కృత్తిక పెదవుల మీద వేలు పెట్టుకుంది. రెండో చేత్తో దండం పెడుతున్నట్టు గుండెల మీద ఉంచుకుంది. ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగాడు.

ఆమె చప్పుడు లేకుండా, ఒక్కొక్క మాటా విడివిడిగా, పెదవులతో అంది. "మామా. ఎనక. ఏనుగ. తిరగొద్దు."

ఆయన కళ్లు ఆమె నోటి మీదే ఉన్నాయి. మెడ కొంచెం కదిలింది, తిరగబోతున్నాడనుకుంది. తిరగలేదు. ఒక వేలు చూపించి కనుబొమలెత్తాడు. ఒకటేనా?

"బిడ్డ కూడా," అంది పెదవులతో. "నా తట్టుకు రండి. మెల్లగా."

ఆయన అడుగేశాడు. బూటు కింద ఎండుటాకు ఫట్టుమంది. ఆ చప్పుడు ఆయనకు తెలియదు. ఇంకో అడుగుకు కాలెత్తాడు. వెనక ఏనుగు తల ఇటు తిప్పింది.

"ఆగండి. సత్తం. ఆకు సప్పుడు. బూట్లు ఇప్పండి," అంది పెదవులతోనే.

నలభై ఏళ్లు కరిగిన ఇనుము చుట్టూ తిరిగిన మనిషి, కంగారుపడలేదు. కూర్చోకుండా, వంగకుండా, ఒక కాలి మునివేళ్లతో రెండో కాలి మడమ తొక్కి బూటు తోసేశాడు. తర్వాత అదీ. వట్టి కాళ్లతో, ఆమె కళ్లు ఎక్కడ చూపిస్తే అక్కడ అడుగు పెట్టాడు. ఆకుల మధ్య మన్ను, బండ, వేరు. ఆమె కనుసైగ చేస్తోంది, ఆయన నడుస్తున్నాడు. ఇంకా పదిహేను అడుగులుందనగా ఆమె మెడ మీద గాలి చల్లగా తగిలింది. గాలి మళ్లింది.

ఏనుగు తొండం పైకెత్తి వాసన పట్టింది. గున్నను వెనక్కి నెట్టి, చెవులు విప్పి, అడవి అదిరేలా అరిచి ముందుకు ఉరికింది. ఆ అరుపు సంజీవి వినలేదు. కాళ్ల కింద నేల అదిరింది, కోడలి మొహం తెల్లబోయింది. రెండూ తెలిశాయి. అయినా వెనక్కి తిరగలేదు.

కృత్తిక చెట్టు వదిలి ఉరికి, ఆయన చెయ్యి పట్టుకుని లాగి, ఆ లావాటి టేకు మాను వెనక్కి పడేసింది. అదే క్షణంలో జోతిమణి దారిలోకి వచ్చి, రెండు చేతులూ చాపి నిలబడింది. "నిల్లు తాయీ! నీ బిడ్డను మేమేమీ చెయ్యం. పో తల్లీ, పో!"

ఏనుగు ఆమెకు ఇరవై అడుగుల్లో కాళ్లు బిగించి ఆగింది. దుమ్ము చెట్టు దాకా వచ్చింది. అది కాలితో మన్ను తన్నింది, తొండం విసిరింది, ఇంకొక్క అడుగు వేసి మళ్లీ ఆగింది. జోతిమణి కదల్లేదు. చివరికి ఏనుగు గున్న వైపు తిరిగి, దాన్ని తొండంతో తోసుకుంటూ వెదురు పొదల్లోకి పోయింది.

జోతిమణి కింద కూలబడి, కొంగు తీసి మొహం తుడుచుకుంది. "ఎనక ఒకరు ఉండండని చెప్పానా లేదా?" అంది. కృత్తిక తల దించుకుంది.

విడిదికి చేరాక గోపీనాథ్ తండ్రి మీద మండిపడ్డాడు. ఉడుత కోసం ప్రాణం పోగొట్టుకుంటావా అని. సంజీవి మెట్టు మీద కూర్చుని ఊరికే చూస్తున్నాడు. గోపీనాథ్ నీళ్ల కోసం లోపలికి పోయాక, కృత్తిక వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది. మొహం ఆయన వైపు తిప్పి, మెల్లగా చెప్పింది.

"నేనే మిమ్మల్ని ఇడిసిపెట్టి పోయినాను మామా. కోపంలో."

ఆయన ఆమె పెదవులు చూశాడు.

"నువ్వు దాటిపోయేది సూస్తానే ఉండాను," అన్నాడు. "రాకూడదనే నిలబడినాను. నాకూ కోపమే."

కృత్తికకు ఏడుపు వచ్చేసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"అరిసేటప్పుడు నీ నోరు ఒక పక్కకు పోతుందమ్మా. ఒక మాటా తెలీదు. ఇట్లా మెల్లగా అంటే మిషను లేకపోయినా అన్నీ తెలుస్తాయి. సెప్దామనే అనుకుంటా ఉండా, నీ మొహం సూసి మానేస్తా."

ఆమె కళ్లు తుడుచుకుని ఆయన పాదాలు చూసింది. అరికాళ్ల నిండా ముళ్లు. జాకెట్టుకున్న పిన్నీసు తీసి, ఆయన కాలు ఒళ్లో పెట్టుకుంది. ఒక ముల్లు తీసి, తలెత్తి, నోరు స్పష్టంగా తిప్పుతూ అడిగింది.

"నొస్తుందా మామా?"

"నొస్తుంది," అన్నాడాయన. "మెల్లగా తియ్యి."